ఏది వాన, ఏది గాలి?

నేను ఉద్యోగ విరమణ చేయటానికి ముందు, నెల్లూరు జిల్లాలో, సముద్రం ఒడ్డున వున్న ఒక పల్లెలో ప్రధానోపాధ్యాయుడుగా వుండేవాణ్ణి. మా వైపు పెద్ద వానలు ఆశ్వయుజ, కార్తీక మాసాలలో, ఈశాన్య ఋతుపవనాలతో వస్తాయి. 2015 నవంబరులో వచ్చిన వరదలు కళ్ళారా చూసినవాణ్ణి గనక, పిల్లలకు వానను కొలవటం నేర్పాలని నాకు బుద్ధి పుట్టింది.

బడి మేడమీద రెండు పరికరాలు పెట్టించాను. ఒకటి వానను కొలిచేది. దానిలో చిన్న దొప్ప వుంటుంది. కొద్దిపాటి నీరు నిండగానే అది ఒరిగి, "ఒకటి" అని లెక్క పంపుతుంది. రెండవది గాలికి తిరిగే గిన్నెలు. అవి ఒక చుట్టు తిరిగితే "ఒకటి" అని లెక్క పంపుతాయి. రెండూ ఒకే రకం తీగలతో కంప్యూటరుకు తగిలించి వున్నాయి. తెరమీది అంకెలను రోజూ సాయంకాలం పుస్తకంలో ఎక్కించే పని ఎనిమిదో తరగతి కుర్రవాడొకడికి అప్పగించాను. వాడి తండ్రి చేపల వేటకు వెళ్ళేవాడు.

ఒకనాడు పుస్తకం తెరిచి చూస్తే, ఎండ కాసిన రోజున కుంభవృష్టి కురిసినట్టు రాసివున్నది!

"ఏమిరా, చూడకుండానే రాశావా?" అని గద్దించాను.

"తెరమీద అదే వుండింది సార్," అన్నాడు వాడు.

నేను నమ్మలేదు. తరగతి అందరి ముందూ చివాట్లు పెట్టి, పుస్తకం లాగేసుకున్నాను. వాడు మరి మాట్లాడలేదు.

మూడోరోజు సాయంకాలం వాడు ఒక ఖాళీ డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

"ఇది పొద్దుటినించీ మేడమీదనే వుండింది సార్. చుక్క నీరు పడలేదు. తెరమీద మాత్రం వాన కురుస్తావుంది. కరెంటు పోయి వచ్చినప్పటినించీ ఇట్లాగే వుంది," అన్నాడు.

డబ్బాలో వేలు పెట్టి చూశాను. పొడిగా వున్నది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇద్దరం కలిసి కారణం వెతికాం. మా కంప్యూటరు లినక్స్‌తో నడుస్తుంది. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ దాన్ని ప్రారంభించాడు. అందులో తెరమీద కనిపించకుండా పనిచేసే సేవకుడు ఒకడున్నాడు. వాడి పేరు యూడెవ్. వాడు 2003లో వచ్చాడు. ఇటువంటి సేవకులను "డీమన్లు" అంటారు. భయపడకండి, ఇవి దయ్యాలు కావు!

ఏదైనా పరికరాన్ని తగిలించినా, ఊడదీసినా, లినక్స్‌కు గుండెకాయ వంటి కెర్నెల్ ఒక కేక పెడుతుంది. యూడెవ్ ఆ కేక విని, తన నియమాలు తిరగేసి, చెప్పినట్టు చేస్తాడు. మనం నియమం రాయకపోతే, మా తీగల వంటి వాటికి కెర్నెల్ పెట్టిన పేర్లే మిగులుతాయి. ముందు కనబడినదానికి సున్న, తరవాతదానికి ఒకటి. కరెంటు వచ్చాక గాలి తీగ ముందు కనబడింది. సున్న అంటే వాన అని నమ్మిన మా ప్రోగ్రాము, గాలి తిరుగుళ్ళను వాన చుక్కలుగా లెక్కపెట్టింది!

పిల్లలూ, బడికి ముందు వచ్చినవాడికి ఒకటో నంబరు, తరవాత వచ్చినవాడికి రెండో నంబరు అని రోజూ మార్చి ఇస్తే, ఎవరి మార్కులు ఎవరికి పోతాయో ఆలోచించండి. అందుకే హాజరుపట్టీలో ఎవరి పేరు వారికి స్థిరంగా వుంటుంది.

మా తీగలు రెండూ కవల పిల్లలవంటివి. వేరువేరు వరుస సంఖ్యలు కూడా లేవు. అందుచేత ఏ రంధ్రంలో తగిలించామో దాన్నిబట్టి పేరు పెట్టమని నియమం రాశాం: "ఈ రంధ్రంలో వున్నది అయితే, దానికి వాన అనే మారుపేరు కూడా పెట్టు." రెండవదానికి గాలి. రంధ్రాల పక్కన నీలం, ఎరుపు రంగులు పూశాం. ప్రోగ్రాములో కూడా సున్న, ఒకటి తీసివేసి, ఈ పేర్లే రాశాం.

అయినా మొదట పని జరగలేదు. ఆ నియమాల్లో "అవునా?" అని అడగటానికి == అని రెండు గుర్తులు పెట్టాలి. నేను ఒకటే పెట్టాను. ఆ తప్పు కూడా వాడే పట్టాడు! దిద్ది, నియమాలను మళ్ళీ చదవమని యూడెవ్‌కు ఆజ్ఞ ఇచ్చి, తీగలు ఊడదీసి మళ్ళీ తగిలించాం. తెరమీద వాన ఆగింది.

మర్నాడు తరగతి అందరి ముందూ, "తప్పు యంత్రానిదీ కాదు, వీడిదీ కాదు, విచారించకుండా తిట్టిన నాది," అని చెప్పి, పుస్తకం వాడి చేతికిచ్చాను. తప్పు లెక్కలు పడిన రోజులను వాడు కొట్టివేయబోయాడు. నేను వద్దన్నాను. వాటి పక్కన ఎర్రసిరాతో కారణం రాసి, కింద నేనే సంతకం చేశాను.