చోడవరానికి ఉన్ని ఉత్తరాలు

పొందూరు

అక్కా,

డాబా మీద జాలీ కట్టి ఊలు కుందేళ్లు పెంచుకుందామన్న నీ ఆలోచనకు జవాబు హిమాలయాల్లోని కులు లోయలో దొరుకుతుంది. అయితే ఢిల్లీ రైలు ఎక్కేలోగా ఒకసారి పొందూరు దాకా వెళ్లిరావడం అవసరం. కుందేలు ఇచ్చేది బొచ్చు మాత్రమే, దాన్ని నూలుగా మార్చేది మనిషి చెయ్యి. ఆ చేతి విద్య మన ఉత్తరాంధ్రలో ఇంకా బతికున్న చోటు ఇది.

పొందూరు ఆడవాళ్లు పత్తిని గింజతో ఉండగానే దువ్వుతారు. వాళ్ల దువ్వెన వాలుగ చేప దవడ. దాని మీది పళ్లు ఎంత సన్నంగా, ఎంత దగ్గరగా ఉంటాయంటే పత్తిలోని నలుసులూ చిట్లిన పీచూ వాటికి చిక్కుకుపోతాయి, మంచి పీచు ఒకే దిక్కుకు పడుకుంటుంది. ఇన్ని యంత్రాలు వచ్చినా ఆ దవడకు ఇక్కడ గిరాకీ తగ్గలేదు. దువ్విన పత్తిని చిన్న చెక్కపలక మీద పెట్టి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ ముందుకు జారిపోతుంది. ఆ దూదిని వింటితో ఏకి, వేలి మందాన ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాచుకుంటారు. చేతి చెమట తగలకుండా ఆ దొప్పలో ఉంచే వడుకుతారు.

రాట్నానికి ఒకటే కదురు. దాని మీద నూరో నంబరు, అంతకు మించిన సన్నని నూలు తీస్తారు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, మన ఇళ్లలో వాడే దుప్పటి నూలు నంబరు దీనికన్నా చాలా తక్కువ. ఈ నూలు సంగతి విని గాంధీజీ 1921లో తన కొడుకు దేవదాస్‌ను స్వయంగా చూసి రమ్మని ఇక్కడికి పంపాడు. ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఈ పనిని నిలబెడుతోంది. పొద్దుటి నుంచి పొద్దుపోయేదాకా వడికినా వచ్చే కూలి మాత్రం ఆ నూలు అంత సన్నమే. పంచె ధర చూసి పెదవి విరిచేవాళ్లు ఒక్క పూట ఇక్కడ కూర్చోవాలి.

ఒక సంగతి రాసుకో. పత్తయినా, ఊలయినా, కుందేలు బొచ్చయినా పని సగం దువ్వెన దగ్గరే అయిపోతుంది. సరిగా దువ్వని పీచు ఎంత నేర్పరి చేతిలోనైనా ఉండలు కడుతుంది.

రైల్లోంచి

అక్కా,

ఏపీ ఎక్స్‌ప్రెస్ నిడదవోలు దాటింది. ఇక్కడి నుంచే ఒక పాయ భీమవరం మీదుగా నరసాపురం వెళుతుంది. నువ్వు కొక్కెంతో అల్లే టేబుల్ గుడ్డల పుట్టిల్లు ఆ ఊరే. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దంపతులు నేర్పిన లేసు గోదావరి డెల్టా ఇంటింటి పనయింది. ఆ పని చేసే ఆడవాళ్లను లెక్కల్లో ఎవరూ పనివాళ్లుగా చూడలేదని, ఖాళీ సమయంలో చేసే సరదాగా చెప్పి తక్కువ కూలి ఇచ్చారని మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకమే రాసింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మనం సరదాకి అల్లేటప్పుడు, అదే అల్లికతో పొట్ట పోసుకునేవాళ్లు పక్క జిల్లాల్లోనే ఉన్నారని తలుచుకోవడం మంచిది.

వరంగల్ దాటాక గొర్రెల మందలు కనబడ్డాయి. తెలంగాణలో ఊలు అంటే కురుమల గొంగడి. దక్కనీ గొర్రె నల్లని ముతక ఊలును ఆడవాళ్లు వడుకుతారు, మగవాళ్లు గుంట మగ్గం మీద నేస్తారు, చింతగింజల గంజి పట్టిస్తారు. వానలో గొడుగు, రాత్రి పరుపు, ఎండలో నీడ అన్నీ అదే. మాంసానికి పనికొచ్చే, ఊలు లేని గొర్రెలు వచ్చి దక్కనీ మందలు పలచబడ్డాయి. వాటితోపాటు వడికే చేతులూ తగ్గిపోయాయి. ఊలు అనగానే హిమాలయాల వైపు చూడటం మనకు అలవాటయింది గానీ, మన రైలు దారిలోనే ఒక ఊలు దేశం ఉంది.

గర్సా, కులు జిల్లా

అక్కా,

భుంతర్ దగ్గర పార్వతి నది వచ్చి బియాస్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి పక్క లోయలోకి మలుపులు తిరుగుతూ వెళితే గర్సా. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు ఇక్కడ ఒక శాఖ ఉంది. జర్మన్ అంగోరా జాతిని పెంచి, పిల్లలను కొండ రైతులకు ఇచ్చే చోటు ఇదే. నీ ప్రశ్నలన్నిటికీ ఇక్కడ సమాధానాలు దొరికాయి. అందుకే ఈ ఉత్తరం పొడుగు.

అంగోరా అన్న పేరు టర్కీ రాజధాని అంకారా పాత పేరు నుంచి వచ్చింది. ఈ కుందేలు పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్స్ చేరి, అక్కడి నుంచి యూరప్ అంతా పాకింది. ఇంగ్లిష్ అంగోరాకు చెవుల మీద, మొహం మీద కూడా బొచ్చు ఉంటుంది, చూడటానికి ముద్దొస్తుంది గానీ రోజూ దువ్వకపోతే ముద్దలు కట్టేస్తుంది. ఫ్రెంచ్ అంగోరా కాలానికి బొచ్చు రాలుస్తుంది కాబట్టి ఊడిన దాన్ని చేత్తోనే తీసుకోవచ్చు. జర్మన్ అంగోరా రాల్చదు, కత్తిరించాలి. దిగుబడి మాత్రం దీనిదే ఎక్కువ, చల్లని చోట మంచి మేత దొరికితే ఏడాదికి సుమారు కిలో.

దీని వెంట్రుక మందం 12 నుంచి 15 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. పైగా ఈ వెంట్రుక లోపల గాలి గదులుంటాయి. బరువు లేకుండా గొర్రె ఊలును మించిన వెచ్చదనం ఇచ్చేది అందుకే. గుణంతోపాటు దోషమూ ఉంది. దీనికి సాగే గుణం లేదు, నున్నగా జారుతుంది, ఒట్టి అంగోరాతో అల్లిన స్వెట్టర్ కొన్నాళ్లకే జారిపోయి బొచ్చు రాలుస్తుంది. అందుకే గొర్రె ఊలుతో కలిపి వడుకుతారు.

బోనులు వరసగా ఉంటాయి, ఒక్కో కుందేలుకు ఒక్కోటి. అడుగున తీగ జాలీ ఉంటే పెంట కిందికి జారి బొచ్చు శుభ్రంగా ఉంటుంది. సుమారు 75 రోజులకొకసారి కత్తిరిస్తారు. అప్పటికి బొచ్చు ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, ఆ పొడవున్న శుభ్రమైన బొచ్చే మేలు రకం. కత్తెర పనిలో ఓపిక కావాలి. కుందేలు చర్మం చాలా పలచన. బొచ్చును గుప్పిట పట్టి పైకి లాగితే చర్మం కూడా లేచి కత్తెరకు చిక్కుతుంది, అందుకని చర్మాన్ని చదునుగా ఉంచి అంచు వెంబడి కత్తిరిస్తారు. కత్తిరించిన తర్వాత కొన్ని రోజులు చలి తగలకుండా చూడాలి.

మేత సంగతి ఇంకా ముఖ్యం. కుందేలు తన ఒళ్లు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది, ఆ బొచ్చు కడుపులోకి పోతుంది. పిల్లిలాగా కక్కడం దానికి చేతకాదు. ఎండుగడ్డి లాంటి పీచు మేత కడుపు నిండా పెడితేనే అది కిందికి వెళ్లిపోతుంది, లేకపోతే కడుపులో ఉండ కట్టి ప్రాణం తీస్తుంది. దాణా ఎక్కువ పెట్టి ముద్దు చేసేవాళ్ల దగ్గరే ఈ జబ్బు ఎక్కువ.

ఇక అసలు విషయం. కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని చెవుల్లోంచి వదులుకుంటుంది, వేగంగా ఊపిరి తీస్తుంది. 30 డిగ్రీలు దాటితే మామూలు కుందేలే కష్టపడుతుంది, మగవాటికి సంతాన శక్తి తగ్గుతుంది. అంగోరాకు ఆపైన కోటు కూడా ఉంది. మన చోడవరంలో మే నెల ఎండ 40కి అటూ ఇటూగా ఉంటుంది, దానికి సముద్రపు తేమ తోడు. ఫ్యానూ, తడి గోనెలూ కట్టి నడిపించవచ్చని చెప్పేవాళ్లుంటారు. మధ్యాహ్నం ఒక్క గంట కరెంటు పోతే ఏమవుతుందో వాళ్లు చెప్పరు. కొండ మీది లంబసింగి అయితే చలికాలం సున్నాకు దగ్గరగా దిగుతుంది గానీ, ఏడాది పొడవునా ఆ చలి ఉండదు.

నగ్గర్

అక్కా,

కులు శాలువా కథలో మన విశాఖ మనిషి ఉంది. 1908లో వాల్తేరులో పుట్టిన సినిమా తార దేవికా రాణి, నగ్గర్‌లో స్థిరపడిన రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ కోడలయింది. పల్లెవాళ్లు ఒంటికి చుట్టుకునే మోటు పట్టూలు తప్ప వేరేవి నేయని ఇక్కడి నేతగాళ్లతో 1940ల్లో పట్నపు కొలతలో శాలువా నేయించింది ఆమేనని కులువాళ్లు చెప్పుకుంటారు. 1944లో భుట్టి గ్రామ నేతగాళ్లు పెట్టుకున్న సహకార సంఘమే ఇవాళ్టి భుట్టికో. వాళ్ల కొట్లలో గొర్రె ఊలు శాలువాల పక్కనే అంగోరా కలిపినవీ ఉంటాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆవిడ కూడా మేజోళ్లు అల్లుతూనే బేరం మాట్లాడుతుంది.

అంగోరా అని రాసి ఉన్న ప్రతిదీ కొనకూడదు. ప్రపంచంలో ఈ ఊలు చాలావరకు చైనాలో తయారవుతుంది. 2013 చివర్లో అక్కడి కొన్ని ఫారాల్లో బతికున్న కుందేళ్ల బొచ్చు పీకుతున్న వీడియో ఒకటి బయటపడింది. హెచ్ అండ్ ఎం లాంటి పెద్ద కంపెనీలు అంగోరా దుస్తులు ఆపేశాయి, జారా దుస్తుల కంపెనీ 2015లో తన దగ్గరున్న సరుకును సిరియా శరణార్థులకు ఇచ్చేసింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని దువ్వి, కత్తిరించి తీసిన బొచ్చుకూ దానికీ పేరు ఒకటే. తేడా తీసిన చేతిలో ఉంది, కాబట్టి ఎక్కడిదో చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనాలి.

చెరకు తోటల్లో పరుగెత్తే చెవులపిల్లిని పట్టి పెంచడం గురించి అడిగావు. అది వేరే జాతి, దానికి ఈ ఊలు ఉండదు, వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టుకోవడమే నేరం.

కాబట్టి మాట ఇదీ: కుందేలు కులులో ఉండాలి, దాని బొచ్చు చోడవరం రావచ్చు. నేర్చుకునేటప్పుడు తకిలి చాలు, రాట్నం తర్వాత. మొదట దువ్విన గొర్రె ఊలు పట్టు, దాని పీచు ఒకదానికొకటి పట్టుకుంటుంది కాబట్టి పోగు తెగదు. చెయ్యి కుదిరాక మూడు వంతుల గొర్రె ఊలులో ఒక వంతు అంగోరా కలుపు. పత్తి వడకాలనిపిస్తే పొందూరు వెళ్లి కూర్చో, దక్కనీ ఊలుతో గొంగడి ముక్క నేయిద్దాం. సంతలోనో, పెంపుడు జంతువుల కొట్లోనో ఎవరైనా అంగోరా పిల్లలని చూపిస్తే మాత్రం కొనొద్దు, పక్కింటివాళ్లనూ కొననివ్వొద్దు.