పిల్లి నోట్లో నెత్తళ్ళు

పోయిన వారం అద్దె ఇళ్ళ గురించి రాస్తే చాలామంది విద్యార్థులు తమ అనుభవాలు పంచుకున్నారు. దానికి కొనసాగింపుగా ఇవాళ మా పిల్లుల గురించి చెప్తాను. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మా ఇంట్లో రెండు పిల్లులు, రౌడీ, బుడ్డి. ఉండేది మూడో అంతస్తు, కిందే మెయిన్ రోడ్డు. అందుకని బయటికి వదలం. గడప దాటని పిల్లికి ఇల్లే అడవి. ఇంటి నుంచి పనిచేసే నేను ఆ అడవి మధ్యలో కూర్చుంటాను. ఇయర్‌ఫోన్ తీగ వాటికి పాము. లాప్‌టాప్ వెచ్చగా ఉంటుంది కాబట్టి బుడ్డి పడక దానిమీదే. పిల్లులకు తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ హుషారెక్కువ. అమెరికా వాళ్ళతో మా టీమ్ కాల్ సరిగ్గా సాయంత్రం ఆరున్నరకి. ఇక చూస్కోండి!

ఒకరోజు కాల్ నడుస్తుంటే రౌడీ వంటింట్లోంచి ఎండు నెత్తళ్ళ పొట్లం ఈడ్చుకొచ్చి, కెమెరా ముందే చింపి, తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది. అందరూ ఒకటే నవ్వు. "సో క్యూట్" అన్నారు. మేనేజర్ ఫొటో పంపమన్నారు.

అంతకు రెండు నెలల ముందు, ఆఫీసుకి వెళ్ళిన రోజున, అవే నెత్తళ్ళు వంకాయతో కలిపి అమ్మ వండిచ్చిన కూర నా బాక్సులో ఉంది. మైక్రోవేవ్ దగ్గర ముక్కు మూసుకున్నవాళ్ళు ఈ కాల్‌లోనూ ఉన్నారు. వారం తిరక్కుండా అక్కడ కాగితం వెలిసింది: "ఘాటు వాసన వచ్చే ఆహారం వేడి చేయరాదు." ఇంగువకి వాసన లేదు కాబోలు. చేప అదే, వాసన అదే. తినే నోరు మారిందంతే.

ఇల్లు వెతికేటప్పుడూ ఇదే తంతు. ఒక ఓనరు గారు, "పిల్లులుంటే పర్లేదండీ, మాకూ ఇష్టమే. ఇంతకీ మీరేవిట్లు? నాన్‌వెజ్ వండరు కదా?" అన్నారు. పిల్లులకి చేపలు పెట్టాలని చెప్పాను. అది నిజం కూడా. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం చాలినంత తయారుచేసుకోలేదు. మాంసం, చేపల నుంచి అందాలి. అందకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. "పాపం, మూగజీవాలు, వాటికి తప్పదుగా" అన్నారాయన. పిల్లి తింటే అవసరం, మనం తింటే మైల. ఆ ఇల్లు మాకివ్వలేదు.

1927లో బాబాసాహెబ్ మహద్ చవదార్ చెరువు నీళ్ళు తాగారు. అప్పటిదాకా ఆ నీళ్ళు పశువులు తాగొచ్చు, మనం ముట్టకూడదు. 1931 ఆగస్టులో బొంబాయి మణిభవన్‌లో గాంధీని కలిసినప్పుడు, మమ్మల్ని పిల్లులకన్నా కుక్కలకన్నా హీనంగా చూసే ఈ నేలని నాది అని ఎలా అనుకోనని ఆయన అడిగారు. ఆ పోలిక ఎంత కొలిచి వేసిందో అద్దె ఇల్లు వెతికిన ప్రతి మాదిగ, మాల పిల్లకి తెలుసు.

హాస్టల్లో, పీజీలో, ఆఫీసులో "వాసన" అనే మాట వినిపిస్తే ఊరుకోకండి. ఏ కూరకి వాసన, ఏ కూరకి సువాసన అని రాతపూర్వకంగా అడగండి. నేను హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాను: "నిషేధించిన వంటల జాబితా ఇవ్వగలరు. అందులో ఇంగువ ఉందో లేదో తెలుపగలరు." జవాబు ఇప్పటికీ రాలేదు. గోడమీద కాగితం మాత్రం మర్నాటికి లేదు.

వచ్చే వారం హాస్టల్ మెస్ కమిటీల గురించి మాట్లాడుకుందాం. జై భీమ్.