అటుకమీది చెంబు

క్రిస్మసుకు ముందు ఇల్లు దులిపి సున్నము వేయుట మన పల్లెలలో వాడుక. ప్రతి గదిలోను పైనుండి క్రిందికి దులుపవలెను; లేనియెడల ఊడ్చిన నేలమీదనే మరల బూజు రాలును.

నిరుడు మేము ముందుగది దులిపి, పడకగది బొంతలు ఎండవేసి, తుదకు వంటయింటి అటుక ఎక్కితిమి. పాత బానల వెనుక పొరుగింటి అవ్వ ఇత్తడి చెంబు కనబడెను. "నీ చెంబు మాయింట లేదు, అబద్ధమాడకుము" అని పదేండ్ల క్రిందట ఆమెను గద్దించినది నేనే.

దానిని చింతపండుతో తోమి, ఆమె చేతికిచ్చి, క్షమాపణ వేడితిని. "అయ్యగారూ, చెంబు పోయిందని కాదు, నాది అబద్ధమన్నారనే ఏడ్చాను" అనెను.

లూకా సువార్త 15వ అధ్యాయములోని స్త్రీ తన నాణెమునకై దీపము వెలిగించి ఇల్లు ఊడ్చెను. మనమైతే, ఇతరులది మనయింట దొరకునేమో అనియు వెదకవలెను. చదువరీ, ఈ యేడు నీ అటుక చూచితివా?