కొత్వాల్ చావడిలో లాభము

చెన్నపట్నంలో మన తెలుగువారి అడుగుజాడలు చూడదలచినవారు జార్జిటౌనుకు వెళ్ళాలి. గోవిందప్ప నాయకుని వీధి మొదలుకొని కొత్వాల్ చావడి దాకా పప్పులు, బెల్లము, ఎండుమిరపకాయల ఘాటు మధ్య నడుస్తుంటే, బండ్లవాళ్ళ తమిళ కేకల నడుమ కొట్లలోని తెలుగు మాట చెవిని పడుతుంది. ఆఫీసు పనిమీద పట్నం వెళ్ళినప్పుడల్లా ఒక పూట మేము ఆ వీధులకే కేటాయించుకుంటాము.

కొత్వాల్ చావడి ఒకప్పుడు పట్నానికంతటికీ కూరగాయల సంత. 1996లో ఆ సంత కోయంబేడుకు తరలిపోయింది. సంత నేల కన్యకా పరమేశ్వరీ దేవస్థానానిది. అంగళ్ళ బాడుగలు దేవస్థానానికి చేరేవి. ఆ దేవస్థానమే బడులను, ఆడపిల్లల కళాశాలను నడుపుతున్నది. వంకాయల గంపమీద వచ్చిన కాసు ఒక పిల్ల చదువుకు అక్కరకు వచ్చిందంటే, లాభానికీ ధర్మానికీ పుట్టుపగ అనడానికి వీలులేదు.

అయితే అమ్మవారి యెదుట నిలిచినప్పుడు మాకు మరొకటి తోచింది. పెనుగొండ కథ మనవారికి కొత్త కాదు. రాజు పిల్లనడిగాడు. ఇచ్చి వ్యాపారాలు నిలుపుకుంటే లాభసాటి బేరమే. వాసవి ఒప్పుకోలేదు, అగ్నిలో ప్రవేశించింది. 102 గోత్రాలవారు ఆమెను అనుసరించారని పురాణం. బేరానికి లొంగని కన్య బేరసారాలవారికి ఇలవేల్పు అయింది. వెల కట్టరానివి కొన్ని ఉన్నవని, రోజూ వెలలు కట్టేవారికి జ్ఞాపకం చేయడానికే కాబోలు!

వర్తకుల బిల్లులలో ధర్మానికని సరుకు ధరతోపాటు కొంత చేర్చే ఆచారం పాతది. తమిళులు మగమై అంటారు, ఉత్తరాదివారు ధర్మాదా అంటారు. 1979లో బిజిలీ కాటన్ మిల్సు వారి దావాలో సుప్రీంకోర్టు, ఆ సొమ్ము మొదటినుంచీ ధర్మానికే ప్రత్యేకించినది గనుక వర్తకుని ఆదాయం కాదని తీర్పు చెప్పింది. పన్ను తప్పింది, మంచిదే. కాని యిచ్చినవాడు కొన్నవాడు గదా, పుణ్యం అమ్మినవాని ఖాతాలో ఎట్లా జమ అవుతుంది?

పప్పుల వ్యాపారి అయిన మా బావమరిదితో ఈ మాటే అన్నాము. అతడు నొచ్చుకున్నాడు. "బావగారూ, ఒకటో తేదీకి జీతం అందుకునేవారికి ధర్మం సులువు. ధర పెరుగుతుందని తెలిసీ నేను నాలుగు బస్తాలు దాచకపోతే, పక్క కొట్టువాడు దాస్తాడు. నా పిల్లల ఫీజు అతడు కడతాడా?" అన్నాడు.

ఆ మాటను తేలికగా తీసివేయలేము. పావు శాతం వడ్డీ ఎక్కువంటే మేము మాత్రం డిపాజిట్టు మార్చమా? స్వార్థం కొట్లోనే కాదు, గుమాస్తా మేజామీద కూడా కూర్చుంటుంది. దాన్ని వెళ్ళగొట్టడం సన్యాసులకే చెల్లు. సంసారులకు కావలసింది దానికొక హద్దు.

ఆ హద్దు మన పెద్దల కొలతలోనే ఉన్నదని మాకు తోస్తుంది. గింజలు కొలిచేటప్పుడు వారు "ఒకటి" అనరు; "లాభము" అని మొదలుపెట్టి, తర్వాత "రెండు, మూడు" అంటారు. దేవుణ్ణి తలచినట్టే లాభాన్ని తలుస్తారు. గొణగరు, దాచరు; కొనేవాడు వింటుండగా, కుంచం కళ్ళయెదుట నిండుతుండగా అంటారు. అట్లా పైకి అనగలిగిన లాభం న్యాయమైనది. కొనేవాని యెదుట నోరు విప్పి చెప్పలేనిది, దాచిన బస్తా అయినా తగ్గిన తూకమైనా, హుండీలో ఎంత వేసినా శుద్ధి కాదు.

పట్నం వెళ్ళే మనవారు సముద్రపుటొడ్డుతో సరిపెట్టుకోక, పిల్లలను ఈ వీధులకు కూడా తీసుకుపోవాలని మా మనవి. అమ్మవారి దర్శనం చేయించి, ఆమె కథ చెప్పి, ఆపైన ఏ కొట్లోనైనా ఒక వీసె బెల్లం బేరమాడి కొనిపించండి. రెండూ ఒకే వీధిలో నేర్చుకోవలసినవే.