దర్పణనగరం

షికాగో మహానగరంలోని మిలీనియం పార్కులో ముంబైలో జన్మించిన అనీష్ కపూర్ కల్పించిన ‘క్లౌడ్ గేట్’ శిల్పానికి ముఖం లేదు, ముద్ర లేదు, ఆయుధం లేదు. 168 ఉక్కు పలకలను అతుకులు కనిపించనంతగా సంధించి 2006లో పూర్తిచేశారు. జనులు దానిని చిక్కుడుగింజ అంటారు. ఆకృతికి తగిన పేరే. ఆగమోక్త లక్షణాలను అందులో వెదకడం వ్యర్థం.

ఎదుట నిలిచినవారికి అందులో ఆకాశం, సౌధపంక్తి, తామూ గోచరిస్తారు. నగరమంతా ఉక్కులోనే ఉన్నట్లుంటుంది. ఒక్క ఇటుక భారమైనా దానిపై పడదు. దక్షిణామూర్తి స్తోత్రంలోని దర్పణనగర దృష్టాంతం ఇక్కడ ప్రత్యక్షమే.

అయితే సాధకులు తరచుగా విస్మరించే భేదం ఒకటుంది. ఈ దర్పణానికి బాహ్యంగా నగరం ఉండితీరాలి. ఆత్మకు బాహ్యమైన ద్వితీయవస్తువు లేదు. అందుకే ఆ శ్లోకంలోనే నిద్రాదృష్టాంతమూ చేరింది.

శిల్పం అడుగున నాభివంటి గుంట ఉంది. అక్కడ తలెత్తినవానికి తన రూపమే వక్రంగా, అనేకంగా కనిపిస్తుంది. ఆ గుంపులో తానెవరో పోల్చుకోవడానికి అతడు చేయి ఊపుతాడు.