వాన మిగిల్చిన కొండలు

అరకు వెళ్లేవాళ్లు గాలికొండ వ్యూపాయింట్ దగ్గర కాఫీ తాగి, ఫొటో దిగి ముందుకు సాగిపోతారు. ఆ కొండనెత్తి మీది ఎర్రరాయిని చేతిలోకి తీసుకుని చూసేవాళ్లు తక్కువ. ఒళ్లంతా బఠాణీ గింజలంత గుండ్లు, నడుమ సన్నటి చిల్లులు. దోసెడు నీళ్లు పోస్తే పీల్చేసుకుంటుంది. అదే బాక్సైట్.

దాన్ని చేసింది వానే. అడుగున ఉన్నది ఖోండలైట్ శిల. కోందు గిరిజనుల పేరు మీదే దానికా పేరు. లక్షల ఏళ్లుగా కొన్ని నెలలు తడి, కొన్ని నెలలు ఎండ. నీరు రాతిలోని సిలికాను కొంచెం కొంచెంగా కరిగించి పట్టుకుపోయింది. అంత తేలిగ్గా కరగని అల్యూమినియం, ఇనుము పైన మిగిలాయి. దగ్గర్లోని బొర్రాలో సున్నపురాయిని తొలిచి గుహలు చేసిందీ నీరే.

నాకు అసలైన సంపదగా కనిపించేవి బాక్సైట్‌లోని ఆ చిల్లులే. నాలుగు నెలల వానను కొండ తాగి, వాలులో ఊటగా మెల్లగా వదులుతుంది. ఆ ఊటలే గెడ్డలై (వాగులై) పల్లంలోని వరి మడులకూ, ఊళ్లకూ అందుతాయి.

విశాఖ మన్యంలో బాక్సైట్ తవ్వకాల లీజులను రాష్ట్ర ప్రభుత్వం 2019లో రద్దు చేసింది. మంచి పని. రేపు మళ్లీ ఎవరైనా ఈ కొండలకు విలువ కట్టబోతే, టన్నులతో పాటు ఊటలనూ లెక్కలో వేయమని మనం అడగాలి.