పిల్లల పళ్లలో ఊరి లెక్క

నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఓ సర్కారు బడి. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరోసిస్ మీద సర్వేకు వచ్చిన పళ్ల డాక్టరు వరండాలో వెలుతురు పడేచోట కుర్చీ వేయించుకుని పిల్లల్ని ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. ‘‘ఏ ఊర్ల పుట్టినవ్ బిడ్డా? చిన్నప్పటి సంది ఈ నీళ్లేనా తాగింది?’’ నోరు తెరవమనేది ఆ తర్వాతే. మధ్యలో వచ్చి చేరిన పిల్లల్నీ చూస్తారు గానీ ఊరి లెక్కలో కలపరు. వేరే ఊరి నీళ్లు ఈ ఊరి ఖాతాలో పడకూడదు కదా.

దూదితో పళ్ల తడి ఆర్చి చూస్తారు. కొందరికి సుద్ద పూసినట్టు తెల్లటి చారలు, కొందరికి గోధుమరంగు గార. బాగా దెబ్బతిన్న రెండు పళ్లను ఎంచి, వాటిలో కాస్త నయంగా ఉన్నదానికే మార్కు వేస్తారు. బాగుంటే 0, అనుమానమైతే అర, తీవ్రమైతే 4. ట్రెండ్లీ డీన్ అనే అమెరికన్ దంతవైద్యుడు 1942 నాటికి ఖరారు చేసిన కొలత ఇది. పిల్లలందరి సగటు 0.6 దాటితే అది ఊరి సమస్య కిందే లెక్క.

నడుము వంగిన పెద్దల్ని లెక్కపెడితే చాలదా అని అడిగాను. చాలదట. వంగిన నడుము మళ్లీ నిలబడదు. మంచినీళ్లు వచ్చి ఏళ్లు గడిచినా ఊళ్లో రోగుల మొత్తం పెద్దగా తగ్గదు. కొత్తగా ఎవరికి వస్తోందన్నది వేరే లెక్క. అది పిల్లల దగ్గర తేలుతుంది. ముందుపళ్ల పింగాణీ పొర చిగురు లోపలే ఐదారేళ్లకు తయారైపోతుంది. ఆ తర్వాత తాగే నీళ్లు దానికి ఫ్లోరైడ్ మచ్చ పెట్టలేవు, ఉన్నదాన్ని చెరపనూ లేవు. అంటే పన్నెండేళ్ల పిల్ల పన్ను చెప్పేది ఇవాళ్టి నల్లా గురించి కాదు, ఆమె పసితనంలో తాగిన నీటి గురించి. మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు రాకముందు పుట్టినవాళ్లనూ, వచ్చాక పుట్టినవాళ్లనూ విడివిడిగా చూడాలి. నల్లా ఇచ్చామన్న ప్రకటనల కంటే నాకు ఈ సాక్ష్యం మీదే నమ్మకం. ఇంట్లో నల్లా ఉన్నా బోరు నీళ్లే తాగితే పన్ను దాచదు.

ఒకటో తరగతి పిల్లలు వరసలో దూరబోతే, ‘‘పాలపళ్లు ఊడినంక రండి’’ అని పంపేశారు.

గోడవారన కూర్చున్న పెద్దమ్మ ‘‘మమ్ముల సూడరా సారూ?’’ అంది. గడ్డం ఛాతీకి ఆనించమన్నారు, ఆనలేదు. వంగి కాలివేళ్లు ముట్టుకోమన్నారు. మోకాళ్ల దగ్గరే ఆగింది. అదీ రాసుకున్నారు. ‘‘రాసుకోని పోతరు, నా నడుము గిట్లనే ఉంటది’’ అంది. డాక్టరు కాదనలేదు. పింఛను సంగతి కనుక్కొమ్మని పక్కనున్న ఏఎన్‌ఎంకు చెప్పి, తర్వాతి పిల్లను పిలిచారు.